పుదీనా వాసన

మా మనవడు వాళ్ల బడి ఫుట్‌బాల్ టీమ్‌లో గోలీ, అంటే గోల్ కాసేవాడు. శనివారం పొద్దున్నే వాణ్ని మైదానం దగ్గర దింపే పని నాది. మొన్న కారెక్కగానే జేబులోంచి చూయింగ్ గమ్ తీసి నోట్లో వేసుకున్నాడు. బయట మంచు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి, హీటర్ నడుస్తోంది. రెండు నిమిషాల్లో కారంతా పుదీనా వాసన. సిగ్నల్ దగ్గర ఆగాను, పచ్చ లైటు పడ్డా కదల్లేదు. వెనకాయన హారన్ కొట్టాడు. "ఏమైంది తాతా?" అన్నాడు వాడు.

ఆ క్షణంలో నేను యాభై ఏళ్ల కిందట ఉన్నాను. ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో, అక్కడి ఫుట్‌బాల్ మైదానం విక్టోరియా గ్రౌండ్‌లో, బూథెన్ ఎండ్ మెట్ల మీద, ఊపిరి తిప్పుకోలేనంత జనం మధ్య. పక్కన నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన. మ్యాచ్ రోజు ఆయన నోట్లో ఎప్పుడూ ఇదే వాసన. అప్పటికే సగం పళ్లు ఊడిపోయాయి, నమలడం కష్టమయ్యేది. అయినా మానేవాడు కాదు. గోల్‌లో నిలబడ్డ మనిషి నములుతున్నాడు కదా, మరి ఈయనా నమలాలి.

ఆ గోల్‌లో నిలబడ్డ మనిషి గోర్డన్ బ్యాంక్స్, స్టోక్ క్లబ్బుకూ ఇంగ్లండ్‌కూ గోలీ.

ఆయన గమ్ నమిలేది నోటి కోసం కాదు, చేతుల కోసం. గమ్ నమిలితే ఉమ్మి జిగటగా అవుతుంది. దాన్ని అరచేతులకు రాసుకుంటే తడి బంతి జారదు. ఇప్పుడు మా మనవడి గ్లౌజులు చూస్తే గోడకు వేసినా అంటుకుపోయేట్టున్నాయి. ఆ రోజుల్లో ఎండ కాస్తే ఒట్టి చేతులు, వాన పడితే పల్చటి నూలు గ్లౌజులు, అంతే. 1966 ప్రపంచకప్ సెమీఫైనల్ రోజున డ్రెస్సింగ్ రూమ్‌లో చూసుకుంటే గమ్ లేదట. టీమ్ ట్రైనర్ హెరాల్డ్ షెపర్డ్‌సన్ వెంబ్లీ స్టేడియం బయటికి పరుగెత్తి, కొట్టు వెతికి పట్టుకుని తెచ్చాడట. ఈ కథ పెద్దాయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ ఆ కొట్టు ఇంకొంచెం దూరం జరిగేది.

*

నాకు గోలీల పిచ్చి ఇంగ్లండ్‌లో అంటుకున్నది కాదు. నేను హైదరాబాద్‌వాణ్ని. ఇప్పటి పిల్లలకు చెబితే ఆశ్చర్యపోతారు గానీ, మా చిన్నప్పుడు అది ఫుట్‌బాల్ ఊరు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. మా అన్న నన్ను సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఫతే మైదాన్ తీసుకెళ్లేవాడు. అందరి కళ్లూ బంతి వెంట పోతుంటే నేను గోలీ వైపే చూస్తూ ఉండేవాణ్ని. బంతి అటు చివర ఉన్నప్పుడు ఈ మనిషి ఒక్కడే ఏం చేస్తుంటాడా అని. "ఆట గక్కడ నడుస్తుంటే నువ్ గిటు జూస్తవేందిరా?" అని నెత్తిమీద ఒకటి వేసేవాడు అన్న.

కొంచెం పెద్దయ్యాక పీటర్ తంగరాజ్ మా దేవుడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం 2-1తో బంగారు పతకం గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది ఆయనే. ఆరడుగులు దాటిన మనిషి. మేం గల్లీలో పుస్తకాల సంచులు అటొకటి ఇటొకటి పెట్టి, "నేను తంగరాజ్" అంటే "కాదు నేను తంగరాజ్" అని కొట్టుకునేవాళ్లం. మోకాళ్ల మీద ఆ గచ్చు మచ్చలు నాకింకా ఉన్నాయి.

1970 జూన్‌లో మెక్సికో ప్రపంచకప్‌లో బ్యాంక్స్ ఏం చేశాడో నేను చూడలేదు. మాకు టీవీ ఎక్కడిది? పేపర్లో ఒక మూల నాలుగు వాక్యాలు వచ్చాయి. పెలే హెడ్ చేసిన బంతిని ఇంగ్లండ్ గోలీ ఆపాడని. ఎలా ఆపాడో రాయలేదు. ఆ ఏడాది చివర్లో నాకు డాక్టరుగా ఉద్యోగం దొరికిన ఊరి పేరు, ఆ గోలీ ఆడే క్లబ్బు ఉన్న ఊరి పేరు ఒకటేనని విమానమెక్కే ముందు అన్నే చెప్పాడు. నన్ను సాగనంపడానికి వచ్చి ఏడవకుండా ఉండటానికి చెప్పిన మాట అది. "పోనీతీయ్, మంచి గోలీనన్న జూస్తవ్."

*

స్టోక్ నాకు ముందు వాసనగానే గుర్తు. బొగ్గు పొగ, తడి బంకమట్టి, వానలో నానిన ఉన్ని కోట్లు. రైలు దిగి చూస్తే ఇళ్ల కప్పుల పైన సీసాల్లాంటి ఇటుక బట్టీలు. పింగాణీ కాల్చే బట్టీలవి. అప్పటికే చాలావరకు చల్లారిపోయాయి, పని గ్యాసు, కరెంటు బట్టీలకు మారింది. కానీ ఆ ఇటుక సీసాలు ఇంకా వీధి వీధికీ నిలబడే ఉండేవి.

నేను అద్దెకు దిగిన ఇంట్లో ముసలి దంపతులు. ఇంటిగలావిడ తలుపు తీయగానే "లోపలికి రా డక్" అంది. బాతు అని పిలుస్తోందేమిటని ఆ రాత్రంతా ఆలోచించాను. మర్నాడు బస్ కండక్టరు కూడా అలాగే పిలిచాక తెలిసింది, మనం నాయనా, అమ్మా అన్నట్టు వాళ్లకు అదొక ఆప్యాయత. మగా ఆడా, చిన్నా పెద్దా, అందరూ డక్కే.

మొదటి ఆదివారం పొద్దున ఆవిడ నా పళ్లెంలో ఒక అట్టు వేసింది. ఓట్స్ పిండి పులియబెట్టి పెనం మీద పోసిన మెత్తటి అట్టు, లోపల కరిగిన చీజ్. ఓట్‌కేక్ అంటారు. ఆ ఊళ్లో ఇళ్ల కిటికీల్లోంచే అమ్మేవాళ్లు, జనం వీధిలో వరసకట్టి కొనుక్కునేవాళ్లు. పిండి పులిసిన వాసన, పెనం మీద చుర్రుమన్న చప్పుడు. ఇల్లు వదిలి మూడు వారాలైంది నాకు. తల వంచుకుని తిన్నాను. ఆవిడ చూసి కూడా ఏమీ అడగలేదు, ఇంకొకటి వేసింది.

పెద్దాయన జీవితమంతా పింగాణీ కార్ఖానాలో ప్లేసర్. అంటే, పచ్చి పాత్రలు పేర్చిన బరువైన మట్టి పెట్టెలను తలమీద మోసుకుని, నిచ్చెనెక్కి, బట్టీ లోపల ఒకదాని మీద ఒకటి దొంతి పెట్టేవాడు. టోపీ కింద పాత మేజోడు చుట్టి పెట్టుకునేవాడట. మా ఊళ్లో నీళ్లు మోసే ఆడవాళ్ల చుట్టకుదురు గురించి నేను చెబితే, "అయితే మీవాళ్లకూ తెలుసన్నమాట" అని సంబరపడ్డాడు. బట్టీ పూర్తిగా చల్లారకముందే లోపలికి పంపేవాళ్లట. ఆయన అరచేతులు చెప్పులంత మందంగా ఉండేవి. వేడి టీ కప్పును పిడి పట్టుకోకుండా ఒట్టి చేత్తో చుట్టి పట్టుకునేవాడు.

బ్యాంక్స్ మీద ఆయనకున్న ప్రేమకు మూలం ఆ చేతులేనని నాకు మెల్లగా తెలిసింది.

*

చలికాలం రాత్రుళ్లు వంటింటి పొయ్యి దగ్గర కూర్చుని పెద్దాయన చెప్పిన కథ ఇది. ఆయన వరస ప్రకారం చెప్పేవాడు కాదు. అటూ ఇటూ పోతూ, టీ తాగుతూ. నేనే తర్వాత కలిపి కుట్టుకున్నాను.

బ్యాంక్స్ షెఫీల్డ్ పిల్లవాడు, 1937 డిసెంబర్ చివర్లో పుట్టాడు. పదిహేనేళ్లకే బడి వదిలి బొగ్గు కొట్లో మూటలు నింపే పనిలో చేరాడు. ఆ తర్వాత ఇటుకలు మోసే పని. "భుజాలు అక్కడ వచ్చాయి డక్, వ్యాయామశాలలో కాదు" అనేవాడు పెద్దాయన, తన భుజం తట్టుకుంటూ. ఒకరోజు ఒక ఉక్కు కార్ఖానా జట్టు ఆట చూడటానికి వెళ్తే వాళ్ల గోలీ రాలేదట. అబ్బాయ్ నువ్వు నిలబడతావా అన్నారు. ఆ తర్వాత ఇంకాస్త పెద్ద జట్టు, రామార్ష్ వెల్ఫేర్, పిలిచింది. మొదటి మ్యాచ్‌లోనే 12-2తో ఓటమి. పన్నెండు అనేటప్పుడు పెద్దాయన పది వేళ్లూ చూపించి, ఆగి, మళ్లీ రెండు వేళ్లు చూపించేవాడు. రెండో మ్యాచ్ కూడా పోయాక ఇక రావద్దన్నారట.

చెస్టర్‌ఫీల్డ్ క్లబ్బు వారానికి 3 పౌండ్లిచ్చి తీసుకుంది. అక్కడ రిజర్వ్ జట్టులో, తమకంటే ఎంతో పెద్ద క్లబ్బుల రిజర్వులతో తలపడి, ఒక్క సీజన్‌లో 122 గోల్స్ ఇచ్చుకుని లీగ్‌లో అట్టడుగున నిలిచారు. మరొకరైతే గ్లౌజులు పారేసి ఇటుకల పనికి వెళ్లిపోయేవాడు. "అన్ని గోల్స్ పడితేనే తెలుస్తుంది, ఎందుకు పడ్డాయో" అని పెద్దాయన వాదన. బట్టీలో పాత్ర పగిలితేనే ఎక్కడ తేమ మిగిలిందో తెలుస్తుందని పోలిక చెప్పేవాడు. సైన్యంలో తప్పనిసరి సేవకు జర్మనీ వెళ్లాడు, ఉర్సులా అనే జర్మన్ అమ్మాయిని పెళ్లాడాడు. 1959లో లెస్టర్ సిటీ 7,000 పౌండ్లకు కొనుక్కుంది. 1961లోనూ 1963లోనూ ఇంగ్లండ్ క్లబ్బుల పోటీ ఎఫ్.ఏ. కప్ ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ ఓడారు. ఇంగ్లండ్‌కు మొదటి మ్యాచ్ 1963లో స్కాట్లాండ్ మీద. అదీ ఓటమే.

1966 గురించి అందరికీ తెలుసు కాబట్టి పెద్దాయన త్వరగా దాటేసేవాడు. ఒక్క సంగతి మాత్రం విడిచేవాడు కాదు. సెమీఫైనల్ చివర్లో పోర్చుగల్ ఆటగాడు యుసేబియో పెనాల్టీ కొట్టేదాకా ఆ ప్రపంచకప్‌లో బ్యాంక్స్‌ను దాటి ఒక్క గోల్ పోలేదు. ఇంగ్లండ్ తరఫున అంతకుముందు మ్యాచ్‌లతో కలిపి వరసగా 721 నిమిషాలు. ఆ లెక్క 2021లో జోర్డన్ పిక్‌ఫోర్డ్ దాటేదాకా చెక్కుచెదరలేదు.

ప్రపంచ విజేతను మరుసటి ఏడాదే లెస్టర్ ఎందుకు అమ్మేసింది? అక్కడ పీటర్ షిల్టన్ అనే పదిహేడేళ్ల కుర్రాడు తయారయ్యాడు. స్టోక్ మేనేజర్ టోనీ వాడింగ్‌టన్ 50,000 పౌండ్లకు బ్యాంక్స్‌ను తెచ్చుకున్నాడు. ఇంత మనిషి మా ఊరికి వస్తాడని అనుకోలేదు డక్, అనేవాడు పెద్దాయన. ఆ మాట అన్నప్పుడు గొంతు తగ్గేది.

*

నన్ను మొదటిసారి మ్యాచ్‌కు తీసుకెళ్లిన రోజున ఆయన ఒకే ఒక్క పాఠం చెప్పాడు. "బంతి దూరంగా ఉన్నప్పుడు ఆయన్ని చూడు."

మా అన్న తిట్టిన పనే! చిన్నప్పటి నుంచీ నేను చేస్తున్నది తప్పు కాదని చెప్పిన మొదటి మనిషి ఆయన.

చూశాను. ఆకుపచ్చ జెర్సీ, కింద మోకాలు దాటి బురద. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నా ఈయన నిలబడి ఉండడు. పెనాల్టీ గీత దాకా నడుస్తాడు, అరుస్తాడు, ఒకణ్ని ఎడమకు పొమ్మంటాడు. బంతి ఇటు తిరిగిందంటే అర అడుగు కుడికి. మళ్లీ అర అడుగు వెనక్కి. బంతికీ ఆయన నడుముకూ దారం కట్టినట్టు. అటువాడు కొట్టే సమయానికి ఈయన ముందే అక్కడ నిలబడి ఉంటాడు, బంతి వచ్చి గుండెల మీద పడుతుంది. చూసేవాళ్లకు, అయ్యో, నేరుగా గోలీ మీదికే కొట్టాడే అనిపిస్తుంది. గోలీయే అక్కడికి వెళ్లి నిలబడ్డాడని ఎవరూ అనుకోరు.

"ఎన్నిసార్లు దూకాడో లెక్కపెట్టు" అన్నాడు పెద్దాయన. ఆ రోజు రెండుసార్లే దూకాడు. "అదీ పని అంటే. దూకాల్సి వచ్చిందంటే ఎక్కడో ఆలస్యమైందన్నమాట."

ఇది నేను గట్టిగా నమ్ముతాను, ఎవరు కాదన్నా సరే. ప్రపంచమంతా ఆయన్ని ఒక్క దూకుడుతో గుర్తుపెట్టుకుంది. నేను మాత్రం దూకని శనివారాలతో గుర్తుపెట్టుకున్నాను. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే పెద్దాయన బోవ్రిల్ కప్పు నా చేతికిచ్చేవాడు. అది మాంసం రసం, నేను తాగను. ఆయనకు తెలుసు. చేతులు వెచ్చబడేదాకా పట్టుకుని తిరిగి ఇచ్చేవాణ్ని, అప్పుడు ఆయన తాగేవాడు.

మరి ఆ దూకుడు? తర్వాత టీవీలో చూశాను, ఎన్నోసార్లు. 1970 జూన్ 7, గ్వాడలహారా, మిట్టమధ్యాహ్నపు ఎండ. బ్రెజిల్ ఆటగాడు జైర్జిన్యో కుడివైపు గీత దాకా దూసుకొచ్చి బంతిని ఎత్తి లోపలికి వేశాడు. బ్యాంక్స్ అప్పుడు దగ్గరి స్తంభం వైపు ఉన్నాడు. పెలే గాల్లోకి లేచి నేలకేసి కొట్టినట్టు తలతో కొట్టాడు, దూరపు స్తంభం మూలకు. గోల్ అని అరిచాడు కూడా. బ్యాంక్స్ గీత వెంట పరుగెత్తి కుడివైపుకు, వెనక్కి పడుతూ దూకాడు. బంతి నేలను తాకి లేచే చోట వేళ్లు పెట్టి పైకి చిమ్మాడు. బంతి అడ్డకర్ర మీదుగా పోయింది. మెక్సికో నేల గట్టిది, బంతి ఎక్కువ ఎత్తు లేస్తుందని వెళ్లిన దగ్గర్నుంచీ ఆ మైదానాల మీద సాధన చేసి తెలుసుకున్నాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో చేతికి ముందే తెలుసు. ఆ మ్యాచ్ మాత్రం జైర్జిన్యో గోల్‌తో బ్రెజిల్ 1-0తో గెలిచింది. వారం తర్వాత పశ్చిమ జర్మనీతో క్వార్టర్ ఫైనల్‌కు కడుపు చెడి బ్యాంక్స్ ఆడలేకపోయాడు. రెండు గోల్స్ ఆధిక్యంలో ఉండి 3-2తో ఓడింది ఇంగ్లండ్. ఆ మాట ఎత్తితే పెద్దాయన లేచి పొయ్యిలో బొగ్గు వేయడానికి వెళ్లేవాడు.

*

1971 డిసెంబర్‌లో ఒక రాత్రి నాకు క్యాజువాల్టీ డ్యూటీ. ఒక కుర్రాడి మణికట్టుకు ప్లాస్టర్ వేస్తున్నాను. తడి సున్నం వాసన, బకెట్టులో వెచ్చటి నీళ్లు. స్ట్రెచర్లు తోసే ఆయన ఒకడు నడవా ఆ చివర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఎవరికో గుండె ఆగిందనుకుని ప్లాస్టర్ చేతుల్తోనే లేచాను. "ఆపాడు! హర్స్ట్ పెనాల్టీ ఆపాడు!" అని అరిచి, ఇంకో వార్డుకు చెప్పడానికి వెళ్లిపోయాడు.

లీగ్ కప్ సెమీఫైనల్ రెండో మ్యాచ్, లండన్‌లో వెస్ట్‌హామ్ మైదానంలో. అదనపు సమయం కూడా అయిపోవస్తుండగా బ్యాంక్సే ఒకణ్ని పడేశాడు, పెనాల్టీ. కొట్టేది జెఫ్ హర్స్ట్, 1966 ఫైనల్లో మూడు గోల్స్ కొట్టినవాడు, ఇంగ్లండ్ జట్టులో సహచరుడు. మొదటి మ్యాచ్‌లో ఇదే హర్స్ట్ ఇదే బ్యాంక్స్ మీద పెనాల్టీ కొట్టి గోల్ చేశాడు. మళ్లీ అంతే బలంగా, ఎత్తుగా కొట్టాడు. బ్యాంక్స్ కుడివైపు లేచి చేతులతో అడ్డకర్ర మీదుగా తోసేశాడు. ప్లాస్టర్ వేయించుకుంటున్న కుర్రాడు విరిగిన చేత్తోనే చప్పట్లు కొట్టబోయాడు. మళ్లీ మొదటి నుంచి చుట్టాల్సి వచ్చింది.

ఫలితం తేలక ఆ సెమీఫైనల్ నాలుగు మ్యాచ్‌లు సాగింది. ఆఖరిది జనవరిలో, మాంచెస్టర్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్. సెలవు దొరికింది, పెద్దాయనా నేనూ కోచ్ బస్సులో వెళ్లాం. కుండపోత. బంతి బురదలో పడితే అక్కడే కూరుకుపోతోంది. వెస్ట్‌హామ్ గోలీకి దెబ్బ తగిలితే బాబీ మూర్ గోల్‌లో నిలబడ్డాడు. ఇంగ్లండ్ కెప్టెన్! పెనాల్టీ ఆపాడు కూడా, కానీ తిరిగొచ్చిన బంతిని మావాళ్లు లోపలికి కొట్టారు. 3-2తో గెలిచాం. తిరుగు ప్రయాణంలో కోచ్ నిండా తడి కోట్ల ఆవిరి, పొగాకు, పుదీనా. పాటలు పాడి పాడి గొంతులు పోయాయి. పెద్దాయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

అప్పటికే గని కార్మికుల సమ్మె నడుస్తోంది, ఆపైన కరెంటు కోతలు. ఫిబ్రవరి అంతా కొవ్వొత్తులే. సమ్మె ముగిసిన వారంలోనే, మార్చి 4న వెంబ్లీలో ఫైనల్. టికెట్లు దొరకలేదు. వంటింట్లో రేడియో చుట్టూ ముగ్గురం. చెల్సీ మీద 2-1. టెర్రీ కాన్రాయ్ ఒకటి, జార్జ్ ఈస్ట్‌హామ్ ఒకటి. వంద సంవత్సరాలు దాటిన క్లబ్బుకు అదే మొదటి పెద్ద కప్పు. ఇంటిగలావిడ ఏప్రన్‌తో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఫుట్‌బాల్ అంటే తనకు చిరాకని అప్పటిదాకా చెబుతూ వచ్చిన మనిషి. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా జేబులోంచి గమ్ తీసి మాకిద్దరికీ చెరొకటి ఇచ్చాడు.

ఆ ఏడాదే ఫుట్‌బాల్ రచయితల సంఘం బ్యాంక్స్‌ను ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకుంది.

*

అదే ఏడాది అక్టోబర్, ఆదివారం. మధ్యాహ్నం వీధిలో జనం గుమిగూడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. విట్‌మోర్ దగ్గర మలుపులో బ్యాంక్స్ కారు ఒక వ్యాన్‌ను ఢీకొంది.

ఆ రోజుల్లో సీటు బెల్టు తప్పనిసరి కాదు. ముందు సీట్లవాళ్లు బెల్టు పెట్టుకోవాలన్న చట్టం 1983లో వచ్చింది. ముందు అద్దం పగిలి, గాజు ముక్కలు కళ్లలో గుచ్చుకున్నవాళ్లను క్యాజువాల్టీలో ఎంతోమందిని చూశాను. కాబట్టి గాజు, కుడి కన్ను అనగానే నాకు అర్థమైపోయింది. పెద్దాయన నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. "నువ్వు డాక్టరువి, చెప్పు." చూద్దాం, అన్నాను. అబద్ధం చెప్పలేక, నిజం చెప్పలేక.

కుడి కంటిచూపు పోయింది. ఆయనకు ముప్పై అయిదు కూడా నిండలేదు.

రెండు కళ్లు రెండు కోణాల్లో చూసినదాన్ని మెదడు కలుపుకుంటేనే వస్తువు ఎంత దూరంలో ఉందో కచ్చితంగా తెలుస్తుంది. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. ఇక ఎదురుగా దూసుకొచ్చే బంతి! అర అడుగు అటా ఇటా అన్నదే ప్రాణంగా బతికిన మనిషికి సరిగ్గా అదే పోయింది. మళ్లీ సాధన మొదలుపెట్టాడు, కానీ 1973 వేసవిలో ఆట విరమించుకుంటున్నట్టు చెప్పాడు. ఇంగ్లండ్‌కు 73 మ్యాచ్‌లు. తర్వాతి ఏడాది స్టోక్ 3,25,000 పౌండ్లిచ్చి షిల్టన్‌ను తెచ్చుకుంది. లెస్టర్‌లో ఎవరి కోసం బ్యాంక్స్‌ను వదులుకున్నారో ఆ కుర్రాడినే. పెద్దాయన అతన్ని మెచ్చుకునేవాడు గానీ, అతను ఆడే రోజున గమ్ నమలలేదు.

నేను అప్పటికి వేరే ఊరు మారాను, పెళ్లయింది. 1977లో ఒక కవరు వచ్చింది, పైన పెద్దాయన వంకర అక్షరాలు. లోపల ఉత్తరం లేదు, పేపర్ కత్తిరింపు ఒకటే. అమెరికాలో ఫోర్ట్ లాడర్‌డేల్ జట్టుకు బ్యాంక్స్ ఒంటికన్నుతో ఆడుతున్నాడని. ఆ సీజన్‌లో ఆ లీగ్ మొత్తానికీ ఉత్తమ గోలీ ఆయనే అయ్యాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, దూరాన్ని కొలవడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. కత్తిరింపు అంచున పెన్సిల్‌తో ఒక్క మాట రాసి ఉంది. "చూశావా."

పెద్దాయన నుంచి నాకు వచ్చిన ఆఖరి అక్షరాలు అవే.

*

తర్వాతి సంగతులు దూరం నుంచి విన్నవే. 2001లో బ్యాంక్స్ తన ప్రపంచకప్ పతకాన్ని వేలంలో అమ్మితే 1,24,750 పౌండ్లు వచ్చాయి. పిల్లలకు సాయంగా ఉంటుందని అమ్మాడు. కొందరు నొచ్చుకున్నారు. నాకు తప్పనిపించలేదు. బొగ్గు మూటలు నింపి బతికినవాడికి డబ్బు అంటే ఏమిటో తెలుసు. 2008లో స్టోక్ క్లబ్బు కొత్త స్టేడియం బయట ఆయన విగ్రహం ఆవిష్కరణకు పెలే వచ్చాడు, దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటూ కూడా. తాను కొట్టిన గోల్స్ కంటే ఆ ఒక్క ఆపిన బంతి గురించే జనం ఎక్కువ అడుగుతారని పెలే తరచూ చెప్పేవాడు.

2019 ఫిబ్రవరి 12న బ్యాంక్స్ నిద్రలోనే వెళ్లిపోయాడు, 81 ఏళ్లకు. అంత్యక్రియలు మార్చి 4న స్టోక్ మిన్‌స్టర్ చర్చిలో. వెంబ్లీలో కప్పు గెలిచిన తేదీయే. మా అబ్బాయి సెలవు పెట్టి నన్ను తీసుకెళ్లాడు. స్టేడియం బయట రోడ్డు పొడవునా జనం, ఎరుపు తెలుపు కండువాలు. శవపేటికను మోసినవాళ్లు నలుగురు గోలీలు: జో హార్ట్, కాస్పర్ ష్మైకెల్, జాక్ బట్లాండ్, జో ఎన్యన్. ఆ చేతులే చూస్తూ నిలబడ్డాను.

జనం పలచబడ్డాక ఓట్‌కేకులు కొనుక్కున్నాం. "చీజ్ వేయనా డక్?" అంది కొట్లో అమ్మాయి. కాగితంలో చుట్టిచ్చినవి వేడివేడిగా పట్టుకుని విక్టోరియా గ్రౌండ్ ఉన్న చోటికి నడిచాం. 1997లో మూసేసి కూల్చేశారు. కంచె అవతల ఒట్టి నేల, గడ్డి, పక్కన ట్రెంట్ నది.

"గోల్ ఎక్కడుండేది నాన్నా?" అన్నాడు మా అబ్బాయి.

అదిగో, అక్కడ, అని చూపించాను. ఇళ్ల కప్పుల వైపు చూసుకున్నాను, నది వైపు చూసుకున్నాను. కంచె పట్టుకుని అర అడుగు కుడికి జరిగాను.

"కాదు, కొంచెం ఇటు" అన్నాను.